చట్రం ఎంత పెద్దది?

నా దగ్గర ఒక చట్రం ఉంది. నల్లా పైపును నాలుగు ముక్కలు కోసి, మూలల్లో ఎల్బోలు బిగించి చేసుకున్నది. లోపలి కొలత మీటరు పొడవు, మీటరు వెడల్పు. వరంగల్ చుట్టుపక్కల చెరువుల శిఖాల్లో దీన్ని పరిచి, లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టడం ఇరవై ఏళ్లుగా నా అలవాటు. కాలేజీలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. ఈ లెక్క మాత్రం సెలవు రోజులది. పైపు రెండుసార్లు విరిగితే మార్చాను గానీ కొలత మార్చలేదు. ఆ కొలత గురించే నాకు ఆలస్యంగా తెలిసొచ్చిన ఒక సంగతి ఉంది. అది అందరికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాఘమాసం నాటికి మా చెరువులు వెనక్కి తగ్గుతాయి. నీళ్లు వదిలిపెట్టిన శిఖం భూమిలో మొదట బురద, ఆ పైన చెమ్మ, ఇంకా పైన నెర్రెలు. చట్రాన్ని చెమ్మ మీద పెట్టి మోకాళ్ల మీద కూర్చోవాలి. నిలబడి చూస్తే అంతా ఒకటే పచ్చదనం. కూర్చుంటేనే ఒక్కొక్కటి బయటపడుతుంది. ముందుగా గరిక. తర్వాత తుంగ, దాని కాడ మూడు పలకలుగా ఉంటుంది, వేళ్ల మధ్య దొర్లిస్తే తెలిసిపోతుంది. పొన్నగంటి కూరకు ఆకు చంకల్లో తెల్లటి పూబొడిపెలు. గుంటగలగర ఆకు నలిపితే కాసేపటికి వేళ్లు నల్లబడతాయి. నీరుగొబ్బి చెయ్యి పెట్టగానే ముల్లుతో తన పేరు తానే చెప్తుంది. నేలకు అంటుకుని పాకే బొక్కెన, నీళ్లు పోయినా ఇంకా వాడని తూటికూర, ఒకే కాడకు నాలుగు ఆకులు విచ్చుకునే చిన్న నీటి ఫెర్న్. పేరు వెంటనే తట్టనివాటిని పాత పేపర్ల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాను. మా ఊరి నడిమి చెరువులో అట్లా ఒక్క చట్రంలో పన్నెండు రకాలు దొరికిన రోజుంది.

అదే రోజు సాయంత్రం పెద్ద చెరువుకు పోయాను. పక్క టౌను మురుగంతా దాంట్లోకే వస్తుంది. కట్ట మీది నుంచి చూస్తే నీళ్లు కనబడవు, పచ్చటి పరుపు పరిచినట్టు గుర్రపుడెక్క. ఒడ్డున చట్రం పెట్టాను. లోపల ఒకటే రకం. జరిపి పెట్టాను, మళ్లీ ఒకటే. మూడోసారి ఒక అంచున జమ్ముగడ్డి తగిలింది, రెండు. అక్కడే కట్ట మీద కూర్చున్న నీరటి పెద్దాయన నన్ను చూస్తూ ఉన్నాడు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూడడం వాళ్ల ఇంటి పని, మూడు తరాలుగా.

“ఏమున్నది కాకా ఈ చెర్ల, ఒక్కటే మొక్క?” అన్నాను.

“సారం ఎక్కువైంది సారూ” అన్నాడు. “బలిసినోడు ఒక్కడు కూసుంటె మిగిలినోళ్లకు జాగేడుంటది?”

ఈ ఒక్క మాట మీద శాస్త్రంలో గ్రంథాలున్నాయి. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట ఒక పచ్చిక మైదానం ఉంది. 1856లో దాన్ని మడులుగా విడగొట్టి, కొన్నింటికి ఎరువు వేస్తూ, కొన్నింటిని ఊరికే వదిలేస్తూ మొదలుపెట్టిన ప్రయోగం ఇవాళ్టికీ నడుస్తోంది. ఎరువు ఎరగని మడుల్లో నలభై రకాల దాకా మొక్కలు కలిసి బతుకుతున్నాయి. నత్రజని బాగా మేసిన కొన్ని మడుల్లో రెండు మూడు రకాల గడ్డే మిగిలింది. పంట బరువు పెరిగింది, రకాలు పోయాయి. డార్విన్ 1859 నాటి తన పుస్తకంలోనే ఇలాంటి ముచ్చట ఒకటి రాశాడు. మూడడుగులకు నాలుగడుగుల గడ్డి గడిలో 20 రకాలుండేవట. కోయడం ఆపేసి వాటి మానాన వాటిని పెరగనిస్తే, బలమైనవి మీద పడి 9 రకాలు చచ్చిపోయాయి.

నా ఎం.ఫిల్. పరిశోధనలో నేను తేల్చింది కూడా ఇదే. మరీ సారం లేని రాతి నేల కుంటలో రకాలు తక్కువ. కాస్త సారం చేరిన కొద్దీ పెరుగుతాయి. ఒక హద్దు దాటాక మళ్లీ తగ్గుతాయి. గ్రాఫు గీస్తే ఎద్దు మూపురంలా వచ్చింది. వైవాలో ఒక ఎగ్జామినర్ గారు ఆ మూపురం మీద వేలు పెట్టి అడిగారు: “ఇది ఎంత చోటులో?”

“మీటరు చదరంలో సార్.”

“చెరువు మొత్తానికి ఇంతేనా? పది చెరువులు కలిపితే ఇంతేనా?”

జవాబు చెప్పలేకపోయాను. డిగ్రీ ఇచ్చారు గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక చోట ఎన్ని రకాల ప్రాణులుంటాయో అక్కడి నేల, నీరు, ఎండ, వాన చూసి లెక్క కట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ మొదట తగలవలసిన ప్రశ్న అదే అని ఇప్పుడు నా నమ్మకం. ఎన్ని రకాలు అని అడిగే ముందు, ఎంత చోటులో అని అడగాలి. చట్రం మారితే సంఖ్య మారుతుంది, అది ఎవరికైనా తెలిసిందే. కారణం కూడా మారుతుందని, ఒక్కోసారి ఏకంగా తిరగబడుతుందని అప్పట్లో నాకు తెలియదు.

అట్లా తిరగబడ్డ లెక్క అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో దొరికింది, అదీ చెరువుల్లోనే. జొనాథన్ చేజ్, మాథ్యూ లైబోల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ‘నేచర్’ పత్రికలో దాన్ని ప్రచురించారు. వాళ్లు ఒక్కో వాటర్‌షెడ్‌లో కొన్ని కుంటల చొప్పున ఎంచుకుని ఏ కుంటలో ఎన్ని రకాల ప్రాణులున్నాయో, నీటిలో పచ్చదనం ఎంత వేగంగా పెరుగుతోందో కొలిచారు. కుంటను కుంటతో పోలిస్తే నాకొచ్చిన మూపురమే వచ్చింది. మధ్యరకం సారమున్న కుంటలో రకాలు ఎక్కువ, మరీ సారవంతమైన దాంట్లో తక్కువ. తర్వాత అవే అంకెలను వాటర్‌షెడ్ వారీగా కలిపారు. కొత్తగా ఒక్క కుంట కొలవలేదు, ఒక్క ప్రాణిని లెక్కపెట్టలేదు. మూపురం మాయమైంది. సారం పెరిగిన కొద్దీ రకాలు పెరుగుతూనే పోయాయి, గీత నేరుగా పైకి లేచింది.

ఈ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సారం ఎక్కువైతే ఒక్కో కుంటలో రకాలు తగ్గుతాయి, ఆ కుంటలన్నీ కలిపితే మాత్రం పెరుగుతాయి. రెండూ నిజమే. ఎట్లా?

ఎట్లాగో నాకు అర్థమైంది బతుకమ్మ పేర్చేటప్పుడు. మా చిన్నప్పుడు వాడలో ఇరవై బతుకమ్మలుంటే ఇరవై ఇరవై తీర్లుగా ఉండేవి. గుట్ట దిక్కు పొలం ఉన్నోళ్ల బతుకమ్మ నిండా తంగేడు. చెలకల దిక్కు వాళ్లది గునుగు. చెరువులో దిగే ధైర్యమున్న అన్నదమ్ములుంటే వాళ్ల బతుకమ్మకు అల్లిపూల వరస. ఇంటి వెనక పాదున్నోళ్లు గుమ్మడిపూలు పెట్టేవారు. ఒక్కో బతుకమ్మలో మూడు నాలుగు రకాల పూలే. ఇరవై బతుకమ్మలూ ఒక్క చోట చేరితే ఎన్ని రకాలో లెక్క తెగేది కాదు. ఇప్పుడు అందరం ఒకే అంగట్లో కొంటున్నాం. ఒక్కో బతుకమ్మలో ఆరేడు రకాలున్నాయి, ముందటికంటే ఎక్కువే. ఇరవై కలిపినా అవే ఆరేడు.

మిషిగన్ కుంటల్లో జరిగిందిదే. సారం లేని వాటర్‌షెడ్‌లో కుంటలన్నీ ఒకదాన్ని చూసినట్టే ఒకటి ఉన్నాయి. ఆ కష్టానికి తట్టుకునే గట్టి ప్రాణులు కొన్నే, అన్ని కుంటల్లోనూ అవే. సారం ఉన్న చోట ఒక్కో కుంట ఒక్కో దారి పట్టింది. ఒకదాంట్లో నీటి మొక్కలు ముందు పుంజుకుని నీరు తేటగా ఉండిపోతుంది, పక్కదాంట్లో పాచి ముందు కమ్ముకుని అడుగుకు వెలుతురు అందదు. ఎవరు ముందు వచ్చి పాతుకున్నారన్న దాన్ని బట్టి కుంట తీరు మారిపోతుంది. ఒక్కోదాంట్లో కొన్నే రకాలు, కానీ ఎవరి రకాలు వాళ్లవి. పరిశోధకులు దీనికి పెట్టిన లెక్క చాలా తేలిక. ఒక్కో చోట సగటున ఎన్ని రకాలు అన్నది ఒకటి, చోటుకీ చోటుకీ ఎంత తేడా అన్నది రెండు. ఈ రెంటినీ హెచ్చవేస్తే ప్రాంతం మొత్తం రకాలు. 1960లో రాబర్ట్ విటకర్ అనే వృక్షశాస్త్రవేత్త అమెరికాలోని సిస్కియూ కొండల మీద పని చేస్తూ వీటికి ఆల్ఫా, బీటా, గామా అని పేర్లు పెట్టాడు. పేరేదైనా, మూడు చెరువుల్లో ఇరవై చొప్పున రకాలుంటే మొత్తం ఇరవై కావచ్చు, అరవై కావచ్చు. ఒక్కో చెరువు గట్టున నిలబడి ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా ఈ తేడా కనబడదు.

చట్రం మారితే గెలిచేవాళ్లు కూడా మారతారు. భూమి మీద అన్నిటికంటే ఎక్కువ రకాల మొక్కలు ఎక్కడున్నాయి అని పిల్లల్ని అడిగితే అమెజాన్ అంటారు. 2012లో నలుగురు వృక్షశాస్త్రవేత్తలు ప్రపంచ రికార్డులన్నీ పోగేసి చూశారు. మీటరు చదరంలో అత్యధికంగా దొరికినవి 89 రకాలు, అర్జెంటీనాలోని ఒక కొండ మీది పచ్చికలో. నేను పన్నెండుకే సంబరపడ్డ చట్రం అంత జాగాలో ఎనభై తొమ్మిది! అదే హెక్టారు తీసుకుంటే రికార్డు 942 రకాలు, ఈక్వడార్ వానల అడవిలో. దాదాపు యాభై చదరపు మీటర్ల దగ్గర పందెం తిరగబడుతుంది. అంతకన్నా చిన్న చోటులో ఏళ్ల తరబడి కోస్తూ, పశువులు మేస్తూ ఉన్న పచ్చిక మైదానాలే ముందుంటాయి. అంతకన్నా పెద్ద చోటులో అడవి. కారణం చూస్తే ఇందులో వింతేమీ లేదు. వానల అడవిలో ఒక్క మాను మొదలే నా చట్రాన్ని నింపేస్తుంది. పచ్చికలో మొక్కలు చిన్నవి, ఏటా కొడవలి పడుతుంది గనుక ఎవరూ ఎవరి నెత్తినా ఎక్కలేరు. ఇది తెలియకే గడ్డి భూములను బీళ్లంటాం, పనికిరాని నేల అని కాగితాల్లో రాస్తాం, వరసగా మొక్కలు నాటి పచ్చబడిందని సంతోషిస్తాం.

చోటు పెరిగితే రకాలు ఎంత పెరుగుతాయన్నదానికి కూడా ఒక సూత్రం ఉంది. స్వీడన్‌కు చెందిన ఓలాఫ్ అర్హీనియస్ 1921లో దాన్ని గణితంగా రాశాడు. బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని 1896లోనే లెక్క కట్టిన స్వాంటే అర్హీనియస్‌కు ఈయన కొడుకు. ఒకే ఇంట్లో రెండు తరాల్లో ఇలాంటి రెండు లెక్కలు పుట్టడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. సూత్రం సారాంశం: చోటు రెట్టింపైతే రకాలు రెట్టింపు కావు. ద్వీపాల్లో ఎక్కువగా కనిపించే అంకెను తీసుకుంటే, చోటు పదహారింతలు అయితే గానీ రకాలు రెట్టింపు కావు. తిరగేసి చూస్తే, సగం చోటు పోతే పోయేది ఆరో వంతు రకాలే. ఈ మాట చాలామందికి ధైర్యమిస్తుంది. చెరువు సగం పూడ్చి ప్లాట్లు వేస్తే ఆరో వంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ సూత్రానికి ఏ సగం అన్నది తెలియదు. పోయింది శిఖమైతే, నీళ్లు వచ్చీ పోయీ ఉండే ఆ అంచు మీదే బతికేవన్నీ ఒక్కసారిగా పోతాయి. నడిమి లోతు నీళ్లు ఎంత మిగిలినా వాటికి ఒరిగేదేమీ లేదు.

ఇంకా పైకి, దేశాలంత చట్రాలకు పోతే సారం, మురుగు, మేత లాంటి కారణాలు వెనక్కి తగ్గి ఎండా వానా ముందుకొస్తాయి. బ్రాడ్‌ఫర్డ్ హాకిన్స్, ఆయన తోటివారు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఇలాంటి పరిశోధనలను 2003లో కలిపి చూశారు. చలి దేశాల్లో ఎక్కడ ఎన్ని రకాలున్నాయో వేడిమిని బట్టి చెప్పొచ్చు. మనలాంటి వేడి దేశాల్లో నీటిని బట్టి చెప్పాలి. రైతుకు ఈ మాట కొత్త కాదు. ఒకే కొలత చట్రంతో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పనామాలోని బారో కొలరాడో ద్వీపంలో, తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్ల చొప్పున చోటు ఎంచుకుని, వేలి లావు ఉన్న మొక్క మొదలు ప్రతి చెట్టుకూ నంబరు వేసి ఏళ్ల తరబడి లెక్కపెడుతున్నారు. పనామాలో మూడు వందల దాకా చెట్టు జాతులు. నెలల తరబడి వాన లేక, నిప్పు అంటుకుంటూ, ఏనుగులు విరుస్తూ ఉండే ముదుమలైలో డెబ్భై దాకా. చట్రం ఒకటే గనుక ఈ పోలికకు విలువ ఉంది.

ఇలా కారణాలను చూసి రకాల లెక్క కట్టేదాన్ని మోడల్ అంటారు. ఆ మాట వినగానే మా పిల్లలు భయపడతారు. భయపడేంత ఏమీ లేదు. ఒక పట్టిక గీయండి. ఒక్కో చట్రానికి ఒక్కో అడ్డ వరస. మొదటి నిలువు గడిలో రకాల సంఖ్య. తర్వాతి గడుల్లో నీటి లోతు, ఎన్ని నెలలు ఎండి ఉంటుంది, మట్టిలో భాస్వరం ఎంత, గొర్రెలు మేస్తాయా, పై చెరువు ఎంత దూరం. లోతు ఒక అడుగు పెరిగితే సంఖ్య ఎంత మారుతోంది, ఎండే కాలం ఒక నెల పెరిగితే ఎంత మారుతోంది అని కంప్యూటరు వెతికి చెప్తుంది. అంతే మోడల్. ఇదే పట్టికలో అడ్డ వరస చట్రం కాకుండా చెరువు అయితే భాస్వరం ముందుకొస్తుంది. చెరువు కాకుండా ఒకదానికొకటి ముడిపడ్డ చెరువుల గొలుసు మొత్తం అయితే చెరువుకీ చెరువుకీ మధ్య తేడా ముందుకొస్తుంది. జిల్లా అయితే వాన. తప్పు కంప్యూటరుది కాదు, అడ్డ వరసలో మనం ఏం పెట్టామో మరిచిపోవడంలో ఉంది.

గొలుసుకట్టు చెరువులతో ఇంకో చిక్కు ఉంది. పై కుంట మత్తడి దూకితే ఆ నీళ్లు నడిమి చెరువుకు, అది దూకితే పెద్ద చెరువుకు. నీటితో పాటే గింజలు, నత్తలు, చేపపిల్లలు. కాకతీయుల కాలం నుంచి ఇట్లా ఒకదానికొకటి ముడిపడి ఉన్నవే మా చెరువులు. తెలంగాణలో చెరువులు, కుంటలు కలిపి 46 వేలకు పైగా ఉన్నాయని ప్రభుత్వ లెక్క. ఒకే గొలుసులో పది చెరువులు చూసి పది సాక్ష్యాలు దొరికాయనుకోకూడదు. ఒకే ఇంట్లో పది మందిని ఇవాళ ఏం తిన్నారని అడిగి, ఊరంతా పప్పుచారే తిన్నదని రాసినట్టుంటుంది. మోడల్‌లో ఈ చుట్టరికానికి లెక్క కట్టాలి, లేదంటే లేని నమ్మకం పుడుతుంది. నా ఎం.ఫిల్. లెక్కలో నేనది చేయలేదు.

వెతికినా దొరకని రకాలకు కూడా లెక్క ఉంది. 1984లో తైవాన్ గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో దానికి ముచ్చటైన దారి చూపింది. మీకు మొత్తం ఇరవై రకాలు కనబడ్డాయనుకోండి. వాటిలో ఆరు రకాలు ఒక్కొక్కసారే కనబడ్డాయి, మూడు రకాలు రెండేసి సార్లు. ఆరును ఆరుతో హెచ్చవేసి, మూడుకు రెట్టింపు అయిన ఆరుతో భాగిస్తే ఆరు. అంటే మీ కంట పడకుండా కనీసం ఇంకో ఆరు రకాలున్నట్టు అంచనా. ఒక్కసారే కనబడేవి ఎక్కువున్నాయంటే చూడాల్సినవి ఇంకా మిగిలాయని. అంగట్లోకి పోతే అడుగడుగునా కొత్త ముఖమే కనబడితే ఆ ఊళ్లో మనకు తెలియనివాళ్లు చాలామంది ఉన్నట్టే కదా.

ఈ దారిలో మన తెలుగువాడి అడుగు కూడా ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని, అంటే సి.ఆర్.రావు గారిని, గణాంక శాస్త్రంలో తెలియనివారు లేరు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1982లో ఆయన వైవిధ్యానికి ఒక కొలత ఇచ్చారు. ఒక చోట నుంచి కళ్లు మూసుకుని రెండు ప్రాణుల్ని తీస్తే అవి ఒకదానికొకటి సగటున ఎంత వేరుగా ఉంటాయి? ఈ కొలతలో మూడు రకాల గడ్డి ఉన్న చోటు కంటే ఒక గడ్డి, ఒక ఫెర్న్, ఒక తామర ఉన్న చోటు ఎక్కువ విలువైనది. సంఖ్య రెండు చోట్లా మూడే. పర్యావరణం మీద పని చేసేవాళ్లు ప్రపంచమంతటా ఇవాళ దీన్ని వాడుతున్నారు.

ఇదంతా నాకు పుస్తకాల విషయంగానే ఉండిపోయేదేమో, మా గొలుసులో పూడికతీత జరగకపోతే. పూడిక తీయాల్సిందే. ఆ ఒండ్రుమట్టి చెలకలకు బంగారం. నేనే ముందు నిలబడి సంతకాలు పెట్టించాను. పని మొదలయ్యాక చూస్తే రెండు చెరువులకూ ఒకటే నమూనా. ఒడ్డు నిటారుగా చెక్కి, చుట్టూ బాట వేసి, బాట పక్కన ఒకే రకం పూలమొక్క, నీటి నడుమ అదే లోతు, ఏడాదంతా నీళ్లు. పని జరిగిన తర్వాతి ఏడు నా చట్రం లెక్కలో పెద్ద చెరువు బాగుపడింది, ఆ మాట చెప్పాలి. గుర్రపుడెక్క తీసేశారు, ఒకటి రెండు ఉన్న చోట నాలుగైదు కనబడ్డాయి. నడిమి చెరువులో పన్నెండు ఉన్న చోట ఆరు. సగటు తీస్తే పెద్దగా నష్టం లేదు. ఒక్కో చెరువు గురించి విడిగా నివేదిక రాస్తే ‘ఫరవాలేదు’ అనే రాయాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం నాకు గుండె జారిపోయింది. రెండు చెరువుల్లోనూ అవే మొక్కలు. నడిమి చెరువులో మాత్రమే ఉండే ఆ నాలుగాకుల ఫెర్న్, నీరుగొబ్బి, పేపర్ల మధ్య ఇంకా పేరు పెట్టని ఒక తుంగ, ఏవీ లేవు. వాటికి కావలసింది మెల్లగా వాలిన ఒడ్డు, నెల నెలా వెనక్కి తగ్గే నీరు. నిటారు గోడకు అంచు ఉండదు.

మిగిలింది పై కుంట. అది చిన్నది, ఎండాకాలం వచ్చేసరికి పూర్తిగా ఎండిపోతుంది. దాన్ని కూడా లోతు చేసి కాలువ నీళ్లతో ఏడాది పొడుగునా నిండుగా ఉంచాలని ఊరంతా అన్నది. ఎండిన కుంట ఎవరికి ముద్దు? గ్రామసభలో నేను లేచి, ఇది ఎండడమే దీని గుణం, గొలుసులో ఒక్కటన్నా ఇట్లా ఉండనీయండి అన్నాను. నా మాటలు ఎవరికీ ఎక్కలేదు. నీరటి కాకా లేచాడు. “నిండిన చెర్ల ఉండేటియి వేరే, ఎండిన కుంటల ఉండేటియి వేరే” అన్నాడు. “కప్పలన్ని ఏడికెల్లి వస్తున్నయనుకుంటున్నరు?”

ఎండే కుంటలో చేప ఉండదు. చేప లేదు గనుక కప్ప గుడ్డు బతుకుతుంది, తోకకప్ప కాళ్లు మొలిచేదాకా ఉంటుంది. పెద్ద చెరువులో చేపపిల్లలు వదులుతారు, అక్కడ బొచ్చెలూ బంగారుతీగలూ పెరగాలి. అదీ అవసరమే. గొలుసులో ఒకటి చేపలకు, ఒకటి అల్లిపూలకు, ఒకటి ఎండడానికి ఉంటే తప్పేముంది?

ఆ ఏడు చైత్రంలో కుంట నడుమ నెర్రెలిచ్చిన మట్టి పెళ్లలు ఒక గంపెడు ఎత్తుకొచ్చి మా వాకిట్లో సిమెంటు తొట్టిలో వేశాను. మొదటి పెద్ద వానకు తొట్టి నిండింది. మూడు రోజులు ఏమీ లేదు, ఎర్రటి నీళ్లే. నాలుగో రోజు టార్చి వేస్తే దుమ్ము కదిలినట్టు ఏవో చుక్కలు. పదిహేను రోజులకు అవి వేలి గోరంత అయ్యాయి. గాజులా కనబడే ఒళ్లు, రెండు వైపులా ఆకుల్లాంటి కాళ్ల వరస, ఎప్పుడు చూసినా వెల్లకిలా ఈదుతున్నాయి. రొయ్యకు దూరపు చుట్టం. వాటి గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్ల తరబడి ఓపిక పట్టగలవు. మా అమ్మాయి తొట్టి దగ్గరే అన్నం తిన్నది రెండు రోజులు.

కాకాను పిలిచి చూపించాను. తొట్టి మీద వంగి చాలాసేపు చూశాడు. “చిన్నప్పుడు చూసిన సారూ వీటిని. పెద్ద చెర్ల వేస్తె పూటకు మిగలయి, పరక ఒక్కటి చాలు.” పట్టికలో ‘కుంట’ అని రాసిన వరసలో ఇంకో గడి గీసి, ఒకటి అని వేశాను. మిగతా రెండు చెరువుల వరసల్లో ఆ గడి ఖాళీ.

సాయంత్రం తొట్టి నీళ్లు రెండు బిందెల్లోకి తోడి ఇద్దరం మోసుకుపోయి కుంటలో వంచాం. అప్పటికి దాంట్లో నీళ్లు చీలమండ లోతే.